ఏడు నెలలు నిండాయి, ఇంకా ఒక్క గుడ్డూ లేదు

పెరటి_పద్మజ
కాకినాడ శివార్లలో మా ఇల్లు. వెనుక కొబ్బరిచెట్ల కింద కాస్త జాగా ఉంది. సంతలో గ్రామప్రియ రకం అని చెప్పి అమ్మిన ఐదు పెట్టపిల్లలను తెచ్చాను. అప్పటికి వాటికి రెండు నెలలని అమ్మినతని మాట. "ఐదున్నర నెలలకల్లా గుడ్డు చూస్తారమ్మా, ఆ తర్వాత పంచిపెట్టడానికి ఇళ్లు వెతుక్కోవాలి" అన్నాడు. ఏడు నెలలు నిండాయి. గుడ్డు మాట దేవుడెరుగు, ఒక్కటి కూడా గూటివైపు తొంగిచూడటం లేదు.

మేత పొద్దున నూకలు, మధ్యాహ్నం మిగిలిన అన్నం, సాయంత్రం మళ్లీ నూకలు. పురుగూ పుట్రా వాటికవే ఏరుకుంటాయి. పండ్ల పెట్టెలో వరిగడ్డి పరిచి గూడు కూడా సిద్ధం చేశాను. మా వారు నూకల ఖర్చు రాసిపెట్టుకుని, ఆ డబ్బుతో ఎన్ని అట్టల గుడ్లు వచ్చేవో నెలనెలా లెక్క వినిపిస్తున్నారు. మా అత్తగారేమో పుంజు లేకుండా గుడ్లెలా వస్తాయని అడుగుతున్నారు. లోపం ఎక్కడ ఉంది?

ఆమ్లెట్_అప్పారావు
శీర్షిక సగమే చదివి ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టాను. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే.

నర్సంపేట_రవి
గ్రామప్రియకు ఏడు నెలలంటే ఎక్కువే. మావి ఆరో నెలలోనే మొదలుపెట్టాయి. వనరాజా రకానివి ఇంకొంచెం ఆలస్యం చేశాయి. మీ మేతలోనే తేడా ఉంది. నూకల్లో ఉన్నదంతా పిండిపదార్థం, మాంసకృత్తులు ఏడెనిమిది శాతం మించవు. గుడ్డు పెట్టాల్సిన కోడికి మేతలో 16 నుంచి 18 శాతం ఉండాలి. కడుపు నిండుతోంది కాబట్టి బాగానే తింటున్నాయని మనం అనుకుంటాం. వెంటనే లేయర్ దాణాకు, అంటే గుడ్లు పెట్టే కోళ్ల దాణాకు మార్చండి.

మిద్దెమీద_తోట
అత్తగారికి నా తరఫున చెప్పండి: గుడ్డు పెట్టడానికి పుంజు అవసరం లేదు. పిల్ల కావాలంటేనే పుంజు కావాలి. మా మిద్దె మీద ఉన్నవన్నీ పెట్టలే, పుంజును పెడితే పక్క అపార్ట్‌మెంటు వాళ్లు తెల్లవారుజామునే తలుపు తడతారు. గుడ్లు మాత్రం వస్తూనే ఉన్నాయి. దుకాణంలో అట్టల్లో కొనే తెల్లగుడ్లన్నీ పుంజు మొహం చూడని కోళ్లవే.

పెరటి_పద్మజ
చెప్పాను. "దుకాణం గుడ్డులో బలం ఎందుకుండదో ఇప్పుడు తెలిసింది" అన్నారు.

పశువైద్య_విద్యార్థి
రవి గారూ, దాణా మార్చమని ఇప్పుడే చెప్పకండి. ముందు కొన్ని సంగతులు తెలియాలి. పద్మజ గారూ, వాటి జుట్టు, అంటే తల మీది ఎర్రటి తురాయి, ఎలా ఉంది? రంపపు పళ్లలా నిలబడిన ఒంటి జుట్టా, తలకు అతుక్కున్నట్టు ఉందా? మొహం పాలిపోయి ఉందా, ఎర్రబడిందా? ఈకలు రాలుస్తున్నాయా? కడుపులో పురుగులకు నట్టల మందు ఎప్పుడైనా వేశారా? ఈ మధ్య కొత్త కోళ్లను కలపడం, కుక్క తరమడం లాంటివి జరిగాయా?

కోడిమామ_భీమవరం
అన్ని ప్రశ్నలు ఎందుకు డాక్టరు గారూ, ఫొటో పెట్టమనండి. కోడిని చూడకుండా కోడి గురించి మాట్లాడటం నా వల్ల కాదు.

పెరటి_పద్మజ
ఫొటోలు పెట్టాను, పరుగెత్తుతుంటే తీసినవి, మన్నించాలి. జుట్టు చాలా చిన్నది, మూడు వరుసల బుడిపెల్లా తలకు అతుక్కుని ఉంది. గడ్డం కింద వేలాడే ఎర్రతోలు దాదాపు లేనట్టే. మెడ పొడుగు, నడక దర్జాగా ఉంటుంది. ఒకటి పూర్తిగా నలుపు, రెండు ఎరుపు, మిగతా రెండూ కలగాపులగం రంగులు. నట్టల మందు వేయలేదు. కుక్కలు రావు, ప్రహరీ ఉంది.

కోడిమామ_భీమవరం
నేను అనుకున్నదే. అమ్మా, మీకు అమ్మింది గ్రామప్రియ కాదు. ఆ మెడ చూడండి, ఆ నిలబడటం చూడండి, ఒంటికి అతుక్కున్న ఆ ఈక చూడండి. అది పందెం కోడి రక్తం. మీరు చెప్పిన నల్లది పందెం భాషలో కాకి పెట్ట, ఎర్రవి డేగ పెట్టలు. అచ్చమైన జాతి అనను, కలిసిన రక్తమే, కానీ తండ్రి పోలిక దాచినా దాగదు.

ఈ జాతి గుడ్ల కోసం పుట్టింది కాదు. ఏడు నెలలకు మొదలుపెడితే తొందరపడినట్టే, ఎనిమిది తొమ్మిది నెలలు పట్టినా మేము ఎవరమూ కంగారుపడం. ఏడాది మొత్తం మీద నలభై గుడ్లు పెడితే మంచి పెట్ట అంటాం. ఆ కొద్ది గుడ్లనూ పొదిగి, పిల్లల్ని గద్ద కంట పడకుండా పెంచుతుంది చూడండి, అందులో దానికి సాటి లేదు. మా వైపు పుంజుకు ఎంత ధర పలికినా, ఆ పుంజు తల్లిని మాత్రం అమ్మరు. పక్క ఊరివాడికి దాని గుడ్డు కూడా ఇవ్వరు.

నర్సంపేట_రవి
మామా, రంగురంగుల కోడి కనబడితే చాలు మీకు పందెం రక్తమే కనబడుతుంది.

కోడిమామ_భీమవరం
రంగు కాదు తమ్ముడూ, జుట్టు చూసి చెబుతున్నాను. నీ గ్రామప్రియలకు ఒంటి జుట్టు ఉంటుందా, ఉండదా?

నర్సంపేట_రవి
ఉంటుంది. సరే, ఆ మాట ఒప్పుకుంటాను. మా సంతలో కూడా రంగుకోడి ప్రతిదీ గ్రామప్రియే. వనరాజా అంటే పది రూపాయలు ఎక్కువ చెబుతారు, అంతే తేడా.

పశువైద్య_విద్యార్థి
మామ గారి మాట నిజమే కావచ్చు. ఆ బుడిపెల జుట్టును మా పుస్తకాల్లో బఠాణీ జుట్టు అంటారు. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా అది పిల్లల్లో బయటపడుతుంది. అందుకే సంకరంలోనూ కనిపిస్తుంది.

గ్రామప్రియ, వనరాజా, శ్రీనిధి రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారు చేసిన రకాలు. గ్రామప్రియను గుడ్ల కోసమే రూపొందించారు, మంచి మేత ఉంటే ఏడాదికి 200 దాకా పెడుతుంది. వనరాజా మాంసానికీ గుడ్లకూ రెండింటికీ పనికొస్తుంది, 100 నుంచి 110 పెడుతుంది. ఇవన్నీ సంకర రకాలు. గ్రామప్రియ పెట్టల మధ్య ఎవరి పుంజునో వదిలి, ఆ గుడ్లు పొదిగించి "గ్రామప్రియ పిల్లలు" అని అమ్మితే ఆ పిల్లలకు తల్లి దిగుబడి రాదు. మీ విషయంలో జరిగింది బహుశా ఇదే. అప్పుడు అతను చెప్పిన ఐదున్నర నెలల లెక్క మీ కోళ్లకు వర్తించదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. జుట్టు పెరిగి ఎర్రబడితే గుడ్డు దగ్గర పడినట్టు అని అందరూ చెబుతారు. ఒంటి జుట్టు కోళ్లకు అది చక్కటి గుర్తు. మీ వాటికి జుట్టే బుడిపెలంత ఉంటే ఏం చూసి తెలుసుకుంటారు? అందుకని ఎముకలు చూడండి. రాత్రి గూట్లో కునుకుతున్నప్పుడు నెమ్మదిగా ఎత్తుకుని, తోక కింద గుడ్డు వచ్చే ద్వారానికి రెండు వైపులా సన్నటి ఎముకల కొసలు తగులుతాయి, వాటి మధ్య వేళ్లు అడ్డంగా పెట్టండి. ఒక వేలు కూడా పట్టకపోతే ఇంకా చాలా రోజులుంది. రెండు వేళ్లు పడితే దగ్గర పడింది. మూడు పడితే పెడుతూ ఉండవచ్చు, మీకు దొరకడం లేదేమో వెతకాలి. ద్వారం కూడా చూడండి. పిల్లకోడికి చిన్నగా, గుండ్రంగా, పొడిగా ఉంటుంది. గుడ్డు పెట్టబోయేదానికి వెడల్పై తడిగా ఉంటుంది.

రాయచోటి_రెడ్డెమ్మ
ఎముకలు కొలిచే పని మాకెప్పుడూ లేదు. పొద్దున గంప ఎత్తేముందు మా అత్త ప్రతి పెట్టనూ పట్టుకుని వేలు పెట్టి చూసేది. గుడ్డు తగిలితే ఆ పెట్టను మళ్లీ గంప కిందే మూసేది, పెట్టాకే వదిలేది. తగలకపోతే బయటికి. ఊరి మీద పడి ఎవరి గడ్డివామిలోనో పెట్టి వచ్చే బెడద ఉండేది కాదు. నేనూ అదే చేస్తున్నాను, ఏ కోడికీ ఏమీ కాలేదు.

మిద్దెమీద_తోట
చదువుతుంటేనే నాకు ఇబ్బందిగా ఉంది.

రాయచోటి_రెడ్డెమ్మ
కోడికి లేని ఇబ్బంది నీకెందుకు నాయనా?

పశువైద్య_విద్యార్థి
రెడ్డెమ్మ గారి పద్ధతి పల్లెల్లో చాలాచోట్ల ఉంది, పనిచేస్తుంది కూడా. కానీ అది పెట్టడం మొదలుపెట్టిన కోళ్లకే. ఇంకా మొదలుపెట్టని లేత పెట్టకు వేలు పెట్టకండి, లోపల చీరుకుంటే తర్వాత బాధ. గోళ్లు కత్తిరించుకోవాలి, ముందూ వెనుకా సబ్బుతో చేతులు కడగాలి. ఒక్కో కోడికీ కడుక్కోవాలి, లేకపోతే ఒకదాని జబ్బు అన్నింటికీ మనమే అంటిస్తాం.

ఒహాయో_వెంకట్
ఎవరూ వెలుతురు మాట ఎత్తలేదేమిటి? మా రోడ్ ఐలాండ్ రెడ్ జాతి పెట్టలు సెప్టెంబరుకు ఈడుకొచ్చాయి, ఒక్కటీ పెట్టలేదు. ఇక్కడ డిసెంబరులో పగలు తొమ్మిదిన్నర గంటలు కూడా ఉండదు. గూట్లో చిన్న బల్బు పెట్టి, టైమరుతో తెల్లవారుజామున వెలిగేలా చేసి, మొత్తం వెలుతురును 14 గంటలకు తెచ్చాను. ఆ తర్వాతే మొదలుపెట్టాయి. 2025 మార్చిలో ఇక్కడ డజను గుడ్ల సగటు ధర ఆరు డాలర్లు దాటింది, ఆ రోజుల్లో ఇరుగుపొరుగు నన్ను చూసి పలకరించిన తీరే వేరు. పద్మజ గారూ, ఒక బల్బు పెట్టి చూడండి.

నర్సంపేట_రవి
వెంకటన్నా, కాకినాడలో ఎంత చలికాలమైనా పగలు పదకొండు గంటలకు తగ్గదు, ఎండాకాలంలో పదమూడు. మీ లెక్క మీ ఊరికి సరిపోతుంది. ఇక్కడ కోడిని ఆపేది చీకటి కాదు, ఎండ. ఏప్రిల్, మే నెలల్లో నోరు తెరుచుకుని రొప్పుతూ కూర్చుంటాయి, మేత తినవు, పెట్టేవి కూడా ఆపేస్తాయి.

పశువైద్య_విద్యార్థి
పెద్ద ఫారాల్లో ఇక్కడ కూడా దీపాలు పెడతారు, అది వేరే లెక్క. పెరటి కోళ్లకు అవసరం లేదు. పైగా ఒళ్లు ఎదగని పెట్టను వెలుతురుతో తొందరపెడితే చిన్న చిన్న గుడ్లు పెడుతుంది, ముక్కి ముక్కి గుడ్డుసంచి బయటికి జారే ప్రమాదం కూడా ఉంది. అలా జారితే మిగతా కోళ్లు ఎర్రగా కనబడిన చోట పొడుస్తాయి. వెంటనే విడిగా పెట్టి పశువైద్యశాలకు తీసుకెళ్లాలి. కాబట్టి ఆలస్యంగా పెట్టే కోడికంటే తొందరపడి పెట్టే కోడి గురించే నాకు భయం.

ఒహాయో_వెంకట్
అర్థమైంది. నేను పెట్టింది ఎదిగిన కోళ్లకే అని మాత్రం రికార్డుల్లో ఉండనివ్వండి.

పెరటి_పద్మజ
రాత్రి టార్చిలైటు పట్టుకుని మా వారు, కోళ్లను పట్టుకుని నేను. పక్కింటివాళ్లు దొంగలనుకున్నారు. ఎరుపు రెండింటికీ రెండు వేళ్లు బాగానే పట్టాయి. కలగాపులగం రంగువి ఒకటిన్నర. నల్లదానికి ఒక్క వేలు కూడా పట్టలేదు, పైగా నన్ను పొడిచింది. ఇంకో మాట, పొద్దున ఎర్రదాని వీపు మీద చెయ్యి వేస్తే రెక్కలు కాస్త విప్పి కిందకు చతికిలబడింది. నేను జబ్బు చేసిందనుకున్నాను.

నర్సంపేట_రవి
జబ్బు కాదు! మీ చెయ్యిని పుంజు అనుకుంది. అలా చతికిలబడటం మొదలైందంటే ఇక ఎక్కువ రోజులు పట్టదు.

ఆమ్లెట్_అప్పారావు
ఉల్లిపాయలు మళ్లీ బయటికి తీస్తున్నాను.

మిద్దెమీద_తోట
మావైతే వారం ముందు నుంచీ గూట్లోకి వెళ్లడం, గడ్డి గీరడం, బయటికి రావడం, మళ్లీ వెళ్లడం. దాంతోపాటు ఒకటే గోల. కొక్కొక్కొ అని మొదలుపెట్టి పై స్థాయికి తీసుకెళ్తాయి. గుడ్డు పెట్టాక అరవడం వేరు, ఇది పెట్టకముందు అరుపు.

శాకాహారి_సుబ్బు
నాకు గుడ్డుతో పని లేదు, పెరట్లో జెర్రులూ చెదలూ తింటాయని పెంచుతున్నాను. పెట్టకండి అంటే వినవు. రోజూ దొరుకుతున్నాయి.

ఆమ్లెట్_అప్పారావు
సుబ్బు గారూ, మీరు ఏ ఊరు?

నర్సంపేట_రవి
దాణా విషయం తేలలేదు. నేను మొదట చెప్పిందే చెబుతున్నాను, ఇక లేయర్ దాణా పెట్టవచ్చు కదా డాక్టరు గారూ? ఎముకలు విచ్చుకున్నాయి, చతికిలబడుతోంది, ఇంకేం కావాలి?

పశువైద్య_విద్యార్థి
పెట్టబోయే ఎరుపువాటికైతే ఇప్పుడు పెట్టవచ్చు, అన్నింటికీ కలిపి వద్దు. ముందు ఎందుకు వద్దన్నానంటే లేయర్ దాణాలో కాల్షియం మూడున్నర నుంచి నాలుగు శాతం ఉంటుంది. పెంకు కట్టుకునే కోడికి అది కావాలి, మామూలు గుడ్డు పెంకులోనే దాదాపు రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది. ఎదిగే పిల్లకు అంత కాల్షియం మూత్రపిండాల మీద పడుతుంది. పద్మజ గారి ఐదింటిలో నల్లది ఇంకా పిల్లకిందే లెక్క. అందుకని అన్నింటికీ ఎదిగే కోళ్ల దాణానే పెట్టి, పక్కన వేరే గిన్నెలో దంచిన ఆల్చిప్ప గుల్లలు పెట్టండి. ఏ కోడికి అవసరమో అదే తింటుంది, అవసరం లేనిది ముట్టదు. ఇసుక రాళ్లు వేరు, అవి గింజ నలగడానికి. గుల్లలకు బదులు కావు.

రాయచోటి_రెడ్డెమ్మ
గుడ్డు పెంకులే ఎండబెట్టి నలిపి పెట్టవచ్చు. పెంకు ఆకారం తెలియకుండా బాగా నలపాలి, లేకపోతే కోడికి గుడ్డు రుచి తెలిసిపోతుంది, ఇక పెట్టినదల్లా పొడుచుకు తింటుంది. ఆ అలవాటు పడితే మాన్పించడం మహా కష్టం.

ఆమ్లెట్_అప్పారావు
గుడ్డు రావాలంటే గుడ్డు పెంకు పెట్టాలి. ముందు గుడ్డా, కోడా అన్నది ఇవాళ తేలిపోయింది.

పెరటి_పద్మజ
పెంకుల కోసం నిన్న దుకాణంలో అట్ట గుడ్లు కొన్నాం. మా వారి పుస్తకంలో ఆ ఖర్చు కూడా కోళ్ల పద్దులోకే వెళ్లింది.

కోడిమామ_భీమవరం
కాకినాడలో ఉండి గుల్లలు కొంటారా అమ్మా? సముద్రం ఒడ్డుకు వెళ్తే సంచీడు ఏరుకోవచ్చు. ఉప్పు పోయేలా కడిగి, ఎండబెట్టి, రోట్లో దంచండి.

గూడు సంగతి కూడా చూసుకోండి. ఫొటోలో పండ్ల పెట్టె నూతి గట్టు ఎదుట ఉంది. అంట్లు తోమే చప్పుడు మధ్య ఏ పెట్ట కూర్చుంటుంది? నోరు గోడవైపు తిప్పండి, ముందు గోనెసంచి వేలాడదీయండి. లోపల చీకటిగా ఉండాలి.

మిద్దెమీద_తోట
లోపల ఒక దొంగగుడ్డు పెట్టండి. నేను టేబుల్ టెన్నిస్ బంతి పెట్టాను, గాలికి దొర్లకుండా అందులో ఇసుక నింపాను. మొదటి గుడ్డు దాని పక్కనే పెట్టింది.

పెరటి_పద్మజ
గుడ్డు!!! ఎరుపుదే. తిప్పిన పెట్టెలో కాదు, బంతి పక్కన కాదు, కొబ్బరి డొక్కల పోగు మీద. వంటింటి త్రాసులో 31 గ్రాములు. పెంకు మీద సన్నటి రక్తపు చార ఉంది, అదొక్కటే బెంగ. అత్తగారు ఆ గుడ్డును అరచేతిలో పెట్టుకుని, "మొన్న పక్కింటి పుంజు గోడ దూకి వచ్చింది, నేను చూశాను" అన్నారు. ఇక నేను వాదించను.

నర్సంపేట_రవి
చార గురించి బెంగ వద్దు. మొదటిసారి కదా, దారి సాగేటప్పుడు కాస్త చీరుకుంటుంది. రెండు మూడు గుడ్ల తర్వాత పోతుంది. రోజూ అలాగే వస్తేనో, రక్తం ఎక్కువగా ఉంటేనో చూపించాలి. చిన్నగా ఉండటం కూడా మామూలే. నాటుకోడి గుడ్డే నలభై గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది, మొదటిది ఇంకా తక్కువ.

ఒహాయో_వెంకట్
మాకు మొదటివారంలో ఒకదాంట్లో రెండు సొనలు, ఇంకొకదాంట్లో అసలు సొనే లేదు. కోడి యంత్రం ఇంకా సర్దుకోలేదని ఇక్కడివాళ్లు అన్నారు.

పెరటి_పద్మజ
మరునాడు ఏమీ లేదు. ఇవాళ తోలుగుడ్డు పెట్టింది, పెంకే లేదు, ముట్టుకుంటే మెత్తగా నొక్కుకుపోతోంది. గుల్లల గిన్నె అక్కడే ఉంది. మళ్లీ ఏదో లోపమా?

పశువైద్య_విద్యార్థి
మొదట్లో తోలుగుడ్డు ఒకటీ అరా వస్తుంది. లోపల గుడ్డు తయారవడానికి ఇంచుమించు 25 గంటలు పడుతుంది, అందులో 20 గంటలు పెంకుకే. మధ్యలో బెదిరినా, పెంకు కట్టే చోట ఇంకా పని సాఫీగా సాగకపోయినా పెంకు లేకుండానే జారిపోతుంది. వరసగా తోలుగుడ్లే వస్తే అప్పుడు కాల్షియం లోపమా, జబ్బా అని ఆలోచించాలి. కొక్కెర తెగులు టీకా వేయించారా? ఆ జబ్బు తగిలినా పెంకులు పాడవుతాయి. టీకా వేయించకపోతే పశువైద్యశాలలో అడిగి వేయించండి, నట్టల మందు కూడా అక్కడే అడగండి.

ఇక రోజు తప్పడం గురించి. ఒక్కో గుడ్డుకు 24 గంటలు దాటుతుంది కాబట్టి పెట్టే వేళ రోజూ కొంచెం కొంచెం వెనక్కి జరుగుతుంది. పొద్దున పెట్టేది మధ్యాహ్నానికి వస్తుంది. అలా జరిగి జరిగి ఒక రోజు ఎగిరిపోతుంది, మళ్లీ మరునాడు పొద్దున్నే మొదలు. ఎంత మంచి కోడికైనా అంతే. మీ జాతికి ఆ విరామాలు ఇంకా ఎక్కువ.

ఆమ్లెట్_అప్పారావు
మొదటి గుడ్డు చివరికి ఎవరు తిన్నారు? ఈ చర్చలో నాకు కావాల్సిన సమాచారం అదొక్కటే.

పెరటి_పద్మజ
ఖర్చు లెక్క రాసినాయన. ఉడకబెట్టి, సగానికి కోసి, సొన ఎంత పచ్చగా ఉందో అందరికీ చూపించి, ఒక్కరే తిన్నారు.

కోడిమామ_భీమవరం
పోనీలెండి, తినడమే మంచిది. తొలికాన్పు గుడ్లు పొదగవేయకూడదని మా పెద్దలు అనేవారు.

మిద్దెమీద_తోట
అది మూఢనమ్మకం కాదా?

పశువైద్య_విద్యార్థి
కాదు. చిన్న గుడ్డు నుంచి చిన్న పిల్ల వస్తుంది, బతికే అవకాశం తక్కువ. పొదిగి పిల్లలవడం కూడా మొదటి గుడ్లలో తక్కువే. ఒకటి రెండు నెలలు పోయి గుడ్డు సైజు నిలబడ్డాక వేసుకోవచ్చు. అయితే పద్మజ గారికి ఆ సమస్యే లేదు, పుంజు లేదు కదా.

పెరటి_పద్మజ
పక్కింటి పుంజు సంగతి మరిచిపోయారు.

ఒహాయో_వెంకట్
గుడ్డును కడిగి ఫ్రిజ్‌లో పెట్టండి. ఇక్కడ అమ్మే గుడ్లన్నీ కడిగి చల్లగా ఉంచినవే.

రాయచోటి_రెడ్డెమ్మ
కడిగితే త్వరగా పాడవుతుంది. మట్టి అంటితే పొడిగుడ్డతో తుడిచి మొనవైపు కిందకు ఉండేలా బియ్యంలో గుచ్చి పెట్టాలి.

నర్సంపేట_రవి
కడగాలా తుడవాలా అని ఇప్పుడు కోడిగుడ్డు మీద ఈకలు పీకకండి. పెంకు మీద సన్నటి పొర ఉంటుంది, కడిగితే అది పోతుంది, క్రిములు లోపలికి దిగుతాయి. కడిగినవాళ్లు ఫ్రిజ్‌లోనే పెట్టాలి, కడగనివాళ్లు బయట పెట్టుకున్నా కొన్నాళ్లు ఆగుతుంది. ఇద్దరూ మీ మీ ఊళ్లలో రైటే. ఎండాకాలంలో మాత్రం కడగనిదైనా బయట ఎక్కువ రోజులు ఉంచకండి.

వేదిక_నిర్వాహకుడు
గుడ్ల నిల్వ గురించి వేరే చర్చ ఉంది, అక్కడికి రండి. సుబ్బు గారి గుడ్ల కోసం అడ్రసు అడుగుతున్నవారు కూడా దయచేసి విడిగా మాట్లాడుకోండి.

పెరటి_పద్మజ
ఎరుపువి రెండూ పెడుతున్నాయి ఇప్పుడు. గోనెసంచి వేలాడదీశాక ఒకటి పెట్టెలోకి మారింది, రెండోది ఇంకా కొబ్బరి డొక్కలనే నమ్ముకుంది. ఆ పోగు కింద నిన్న జెర్రిపోతు కుబుసం కనబడింది, అందుకని పొద్దున్నే వెళ్లి గుడ్డు తీసేస్తున్నాను.

కొత్త ప్రశ్న. ముందు పెట్టినదే ఇప్పుడు గూట్లోంచి లేవడం లేదు. ముట్టుకుంటే ఒళ్లంతా ఉబ్బించి గుర్రుమంటోంది. కింద బంతి తప్ప ఏమీ లేదు.

రాయచోటి_రెడ్డెమ్మ
పొదుగుకు కూర్చుంది. మా వైపు ముక్కులో ఈక గుచ్చి వదులుతారు, రెండు మూడు సార్లు నీళ్లలో ముంచుతారు.

పశువైద్య_విద్యార్థి
ఈక గుచ్చడం వద్దు రెడ్డెమ్మ గారూ, ముక్కు పుండై శ్వాస జబ్బులు వస్తాయి. బంతి తీసేయండి. అడుగున జాలి ఉన్న పంజరంలో, నేలకు ఎత్తుగా, గాలి తగిలేలా మూడు నాలుగు రోజులు ఉంచండి. గడ్డి వేయకండి, మేత నీళ్లు మామూలుగా పెట్టండి. పొట్ట కింద వేడి తగ్గితే ఆ ధ్యాస పోతుంది. కూర్చున్నన్నాళ్లూ గుడ్లు రావు, సరిగా తినదు కూడా, కాబట్టి ఆలస్యం చేయకండి.

కోడిమామ_భీమవరం
కొద్ది గుడ్లే పెట్టి అంతలోనే పొదుగుకు కూర్చుందంటే ఇక అనుమానం లేదు, అది మా రక్తమే. అమ్మా, ఆ నల్ల కాకి పెట్టను అమ్ముతారా? గుడ్డు పెట్టకపోయినా ఫర్వాలేదు. మీరు పెట్టిన నూకల ఖర్చుకు రెండింతలు ఇస్తాను.

పెరటి_పద్మజ
దాని పిల్లలకు కత్తులు కట్టడానికేగా మామగారూ?

కోడిమామ_భీమవరం
కత్తి కట్టడం నేను మానేసి చాలా కాలమైంది. జాతి పోకుండా ఉంచుకోవాలని అంతే.

నర్సంపేట_రవి
సంక్రాంతి తర్వాత అడగండి మామా, అప్పుడు నమ్ముతాం.

పెరటి_పద్మజ
అడిగి చూశాను. మా వారు రెండింతలు అనగానే పుస్తకం తెరిచారు. అత్తగారు మాత్రం ఇవ్వనంటున్నారు, పక్కింటి పుంజు దానికోసమే గోడ దూకుతోందట.